టర్బో కారులో బూస్ట్ స్పైక్: ఎక్కడ పుడుతుందో పట్టుకుని అదుపు చేసే పద్ధతి

మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కగానే కారు ఒక్క ఉదుటున దూకి, ఆ వెంటనే పికప్ పడిపోతోందా? అప్పుడప్పుడూ ఇంజిన్ లైటు వెలిగి, బండి లింప్ మోడ్‌లోకి (ఇంజిన్‌ను కాపాడటానికి పవర్ తగ్గించేసే స్థితిలోకి) వెళ్లి, ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు నడుస్తోందా? అలాగైతే ముందుగా బూస్ట్ స్పైక్‌ను అనుమానించండి. అంటే టర్బో ఇవ్వాల్సిన దానికన్నా ఎక్కువ ఒత్తిడి కొద్ది క్షణాల పాటు ఇంజిన్‌లోకి వెళ్తోందన్నమాట.

హైదరాబాద్ రోడ్ల మీద ఇప్పుడు చిన్న టర్బో పెట్రోల్ కార్లు బాగా పెరిగాయి. వాటిలో రీమ్యాప్ చేయించుకున్నవీ, అంటే పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్‌లోని మ్యాప్ (సాఫ్ట్‌వేర్ పట్టికలు) మార్పించుకున్నవీ తక్కువేం కాదు. స్పైక్ కనిపించగానే చాలామంది చేసే పని ఆ మ్యాప్ మార్చే ట్యూనర్ దగ్గరికి వెళ్లి "బూస్ట్ కొంచెం తగ్గించండి" అనడం. అలా తగ్గిస్తే స్పైక్ ఎత్తు తగ్గుతుంది కానీ స్పైక్ పోదు. డబ్బు పెట్టి తెచ్చుకున్న పవర్ మాత్రం పోతుంది. నా మాట ఒక్కటే: స్పైక్‌ను ఆలస్యం సమస్యగా చూడండి. "ఇక చాలు" అన్న కబురు బూస్ట్‌ను అదుపు చేసే వేస్ట్‌గేట్‌కు ఆలస్యంగా చేరుతోంది, లేదా కబురు చేరినా వేస్ట్‌గేట్ కదలడానికి టైం తీసుకుంటోంది. ఆ ఆలస్యం ఎక్కడ ఉందో తెలిశాకే స్పానర్ గానీ లాప్‌టాప్ గానీ పట్టుకోవాలి.

లోపల జరిగేది

ఎగ్జాస్ట్ వాయువు టర్బైన్‌ను తిప్పుతుంది. అదే షాఫ్ట్‌కు రెండో కొసన ఉన్న కంప్రెసర్ గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. లోపలికి గాలి ఎక్కువైతే ఎగ్జాస్ట్ పెరుగుతుంది, ఎగ్జాస్ట్ పెరిగితే టర్బో ఇంకా జోరుగా తిరుగుతుంది. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోకుండా కళ్లెం వేసేది వేస్ట్‌గేట్. టర్బైన్ పక్కన ఉండే చిన్న మూత అది. తెరుచుకుంటే ఎగ్జాస్ట్‌లో కొంత భాగం టర్బైన్‌ను తాకకుండా పక్కదారిన పోతుంది.

ఆ మూతను రాడ్‌తో కదిపేది యాక్చుయేటర్. దాని డబ్బాలో ఒక డయాఫ్రమ్, ఒక స్ప్రింగ్ ఉంటాయి. సన్నటి గొట్టం గుండా వచ్చిన బూస్ట్ ఒత్తిడి స్ప్రింగ్ బలాన్ని మించితే మూత తెరుచుకుంటుంది. మధ్యలో సోలినాయిడ్ అనే, కరెంటుతో పనిచేసే చిన్న వాల్వ్ ఉంటుంది. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చెప్పినప్పుడు అది ఆ ఒత్తిడిలో కొంత పక్కకు వదిలేసి యాక్చుయేటర్‌కు తక్కువ చేరేలా చేస్తుంది. అందువల్లే స్ప్రింగ్ బలం 0.4 బార్ అయినా ఇంజిన్‌కు 1 బార్ బూస్ట్ అందుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఓవర్‌హెడ్ ట్యాంకు నిండిందని పైనుంచి కేకేస్తే, వాచ్‌మన్ వెళ్లి మోటార్ ఆపేలోపు నీళ్లు పొర్లిపోతాయి. ట్యాంకు చిన్నదవడమో మోటార్ పెద్దదవడమో అందులో తప్పు కాదు, కేక వేయడమే ఆలస్యమైంది. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది కాబట్టి అక్కడ సెకనులో పదో వంతు ఆలస్యం కూడా లెక్కలోకి వస్తుంది.

దీన్ని ఎందుకు వదిలేయకూడదంటే

స్పైక్ సాధారణంగా 2000 నుంచి 3000 ఆర్‌పీఎం మధ్య వస్తుంది. సిలిండర్‌లో ఒత్తిడి బాగా ఎక్కువగా ఉండి, పిస్టన్ నెమ్మదిగా కదులుతున్న చోటు అది. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ ఇంజిన్లలో స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రీ-ఇగ్నిషన్ బెడద కూడా ఇక్కడే ఎక్కువ. పిస్టన్ రింగుల మధ్య గట్లు విరగడం, కనెక్టింగ్ రాడ్ వంగడం లాంటి పెద్ద నష్టాలు ఈ ప్రాంతంలోనే మొదలవుతాయి. అందుకే ఇలాంటి ఇంజిన్‌కు ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ ఆయిల్ వాడమని గట్టిగా చెబుతాను. 2020లో వచ్చిన ఆ గ్రేడ్‌లో ఈ ప్రీ-ఇగ్నిషన్‌ను అరికట్టే పరీక్ష కూడా ఉంది. అయితే కారు మాన్యువల్‌లో చెప్పిన చిక్కదనాన్నీ, కంపెనీ ప్రమాణాన్నీ మార్చకండి.

గేర్‌బాక్స్ మీదా భారం పడుతుంది. ఫోక్స్‌వాగన్, స్కోడాలలో వచ్చిన 7 స్పీడ్ డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ 250 న్యూటన్ మీటర్ల టార్క్ వరకే తట్టుకునేలా చేసినది. రీమ్యాప్ మీద స్పైక్ కూడా తోడైతే క్షణకాలం ఆ గీత దాటడం పెద్ద కష్టం కాదు. క్లచ్ జారడం మొదలయ్యాక దాని ఖర్చు ముందు ఈ పని ఖర్చు ఏ మూలకు?

చిన్న ఓవర్‌షూట్‌కు మాత్రం కంగారు పడక్కర్లేదు. టార్గెట్ 1 బార్ అయినప్పుడు అర సెకను లోపు 1.08 దాకా వెళ్లి దిగితే నేను దాన్ని ముట్టుకోను. 0.2 బార్ మించి దాటుతుంటే, లేదా సెకను దాకా పైనే ఉంటుంటే పని మొదలుపెట్టాలి. కొన్ని కంపెనీలు కొద్ది సెకన్ల ఓవర్‌బూస్ట్‌ను కావాలనే ఇస్తాయి. అప్పుడు ఈసీయూ అడిగిన బూస్ట్ గీత కూడా దాంతోపాటే పైకి లేస్తుంది. అడిగిన గీత కదలకుండా వచ్చిన బూస్ట్ మాత్రమే పైకి పోతే అదీ స్పైక్.

మొదటి అంచె: లాగ్ తీయండి

లాగ్ అంటే బండి నడుస్తుండగా నమోదు చేసుకున్న సెన్సర్ అంకెలు. అది లేకుండా ఏ భాగాన్నీ విప్పొద్దు, ఏదీ కొనొద్దు. కారు డయాగ్నస్టిక్ సాకెట్‌కు తగిలించే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్, ఫోన్‌లో ఒక మంచి యాప్ ఉంటే మొదలుపెట్టొచ్చు. ఫోక్స్‌వాగన్, స్కోడా అయితే వీసీడీఎస్ గానీ ఓబీడీలెవెన్ గానీ (ఆ కార్ల కోసమే చేసిన స్కానర్లు) ఉంటే ఇంకా మంచిది, వాటిలో ఈసీయూ అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ రెండూ కనిపిస్తాయి.

చవక అడాప్టర్లతో ఒక చిక్కుంది. తెర మీద పది అంకెలు పెట్టుకుంటే ఒక్కోటి సెకనుకు ఒకసారో రెండుసార్లో మాత్రమే అప్‌డేట్ అవుతుంది. మూడో వంతు సెకను స్పైక్ ఆ సందులోంచి తప్పించుకుపోతుంది. అందుకే నాలుగైదు అంకెలకు మించి పెట్టకండి: ఆర్‌పీఎం, మేనిఫోల్డ్ ఒత్తిడి (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి), థ్రాటిల్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, వీలైతే వేస్ట్‌గేట్ డ్యూటీ (ఈసీయూ సోలినాయిడ్‌కు ఇచ్చే ఆదేశం, శాతంలో; అది పెరిగితే బూస్ట్ పెరుగుతుంది). ఇంకో సంగతి, సాధారణ ఓబీడీ మేనిఫోల్డ్ ఒత్తిడి రీడింగ్ 255 కిలోపాస్కల్ దగ్గర ఆగిపోతుంది. అంకె అక్కడే గీత గీసినట్టు నిలిచిపోతే అసలు ఒత్తిడి దానికన్నా ఎక్కువే ఉండొచ్చు.

ఈ అంకెలు చదివేటప్పుడు మన ఊరి ఎత్తు గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ మామూలు గాలి ఒత్తిడి దాదాపు 95 కిలోపాస్కల్, విశాఖలోనో చెన్నైలోనో అయితే 101. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి చూడండి. సెన్సర్ సరిగా ఉంటే 95కు అటూ ఇటూ చూపిస్తుంది, 105 అనో 85 అనో చూపిస్తే ముందు సెన్సర్ సంగతి తేల్చండి. బూస్ట్ లెక్కకు ఆ 95నే తీసేయాలి. 195 చూపిస్తే మీ బూస్ట్ 1 బార్. 101 తీసేసే యాప్ అయితే 0.94 అంటుంది.

ఎత్తు వల్ల ఇంకో తేడా కూడా ఉంది. ఈసీయూలు ఎక్కువగా మొత్తం ఒత్తిడిని టార్గెట్‌గా పెట్టుకుంటాయి. 200 కిలోపాస్కల్ కావాలంటే విశాఖలో టర్బో గాలిని రెండింతల కన్నా కొంచెం తక్కువ ఒత్తితే చాలు, ఇక్కడ 2.1 రెట్లు ఒత్తాలి. సముద్ర తీరంలోని ఊళ్లో సరిచేసిన డ్యూటీ అంకెలు ఇక్కడ అచ్చంగా సరిపోవు.

ఎక్కడ తీయాలి? డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీద తీయగలిగితే అదే ఉత్తమం. రోడ్డు మీదైతే తెల్లవారాక, ట్రాఫిక్ పలచగా ఉన్నప్పుడు ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద, వేగ పరిమితి లోపలే తీయండి. పక్కన ఇంకొకరు కూర్చుని ఫోన్ చూడాలి, మీ చూపు రోడ్డు మీదే ఉండాలి. మూడో గేరులో 1800 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా నొక్కి 4500 దాకా వెళ్తే స్పైక్ కనిపించడానికి అది చాలు. మీ కారు ఆ గేరులో ఆ ఆర్‌పీఎం దగ్గర ఎంత వేగంలో ఉంటుందో ముందే చూసుకోండి. నగరం లోపలి ఫ్లైఓవర్ల మీద ఈ ప్రయోగం వద్దు.

ఒకే గేరులో రెండు రకాల లాగ్ తీయండి. ఒకసారి యాక్సిలరేటర్ ఒక్కసారిగా అదమండి. రెండోసారి రెండు సెకన్లు తీసుకుని నెమ్మదిగా పూర్తిగా నొక్కండి. మొదటిదానిలో పెద్ద స్పైక్ వచ్చి రెండోదానిలో దాదాపు లేకపోతే ఆలస్యమే మూలం. రెండిటిలోనూ ఒకేలా వస్తే మూత ఇరుక్కుపోవడమో, కబురు అసలు చేరకపోవడమో జరుగుతోంది.

గీత ఆకారం చూసి రోగానికి సరైన పేరు పెట్టండి. ఒక్కసారి పైకి లేచి దిగి టార్గెట్ దగ్గర కుదురుకుంటే స్పైక్. 4000 దాటాక ఆర్‌పీఎంతో పాటు మెల్లగా ఎక్కుతూనే ఉంటే అది క్రీప్, అంటే మూత పూర్తిగా తెరుచుకున్నా ఎగ్జాస్ట్ మొత్తం అందులోంచి పోలేకపోతోంది. టార్గెట్ చుట్టూ పైకీ కిందికీ ఊగుతుంటే కంట్రోల్ అంకెలు మరీ దూకుడుగా ఉన్నట్టు. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

రెండో అంచె: సోలినాయిడ్ కనెక్టర్ తీసి చూడండి

ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా చాలా గ్యారేజీల్లో చేయరు.

బూస్ట్ ఒత్తిడితో పనిచేసే మామూలు యాక్చుయేటర్ ఉన్న పెట్రోల్ కార్లలో సోలినాయిడ్‌కు కరెంటు లేకపోతే ఒత్తిడి మొత్తం నేరుగా యాక్చుయేటర్‌కే వెళ్తుంది. అప్పుడు టర్బో స్ప్రింగ్ బలం వరకే బూస్ట్ ఇవ్వాలి. ఎలక్ట్రికల్ కనెక్టర్ తీసేసి అదే లాగ్ మళ్లీ తీయండి. మొదట నెమ్మదిగా నొక్కండి, బూస్ట్ అదుపు తప్పుతున్నట్టు కనిపిస్తే కాలు తీసేయండి. ఇంజిన్ లైటు వెలుగుతుంది, కనెక్టర్ తిరిగి పెట్టాక కోడ్ చెరిపేయొచ్చు.

బూస్ట్ 0.4, 0.5 బార్ దగ్గర బుద్ధిగా నిలబడితే గొట్టాలు, యాక్చుయేటర్, మూత బాగానే ఉన్నాయని అర్థం. తప్పు సోలినాయిడ్‌లో ఉంది, లేదా మ్యాప్‌లో ఉంది. కనెక్టర్ తీసినా స్పైక్ వస్తుంటే ఏ ట్యూనర్ చేతిలోనూ దానికి మందు లేదు, మెకానికల్ లోపమే. అలాంటి బండికి సాఫ్ట్‌వేర్‌తో స్పైక్ దాచిపెట్టడం తప్పు, ఎవరు చేసినా సరే.

వాక్యూమ్‌తో పనిచేసే యాక్చుయేటర్లకు ఈ తర్కం వర్తించదు, వాటి సంగతి డీజిల్ దగ్గర చెబుతాను. ఎలక్ట్రిక్ మోటార్ యాక్చుయేటర్ ఉన్న 1.0 టీఎస్ఐ లాంటి కొత్త ఇంజిన్లకూ ఈ పరీక్ష పనికిరాదు. వాటిలో గొట్టమూ ఉండదు, చేత్తో తిప్పాల్సిన రాడ్డూ ఉండదు. స్కానర్‌లో యాక్చుయేటర్ అడిగిన స్థానం, చేరిన స్థానం పక్కపక్కన పెట్టి చూడాలి. అడిగిన చోటికి ఆలస్యంగా చేరుతుంటే లింకేజీ బిగుసుకుంటోంది. భాగం మార్చినా సరిచేసినా స్కానర్‌తో అడాప్టేషన్ చేయడం, అంటే యాక్చుయేటర్ హద్దులు ఈసీయూకు మళ్లీ నేర్పడం, మరవొద్దు.

మూడో అంచె: గొట్టాలు

కనెక్టర్ తీసినా స్పైక్ వస్తే మొదట చూడాల్సింది కంప్రెసర్ నుంచి సోలినాయిడ్‌కు, అక్కడి నుంచి యాక్చుయేటర్‌కు వెళ్లే సన్నటి గొట్టాలు. మన ఎండలకు, గంటల తరబడి ట్రాఫిక్‌లో ఇంజిన్ గదిలో పేరుకునే వేడికి రబ్బరు గట్టిపడి చివర్లలో సన్నగా చీలుతుంది. బయటి నుంచి చూస్తే తెలియదు. తీసి వంచి చూస్తే చీలిక నోరు తెరుస్తుంది. ఆ చీలికలోంచి గాలి పోతే యాక్చుయేటర్‌కు ఒత్తిడి తక్కువ చేరుతుంది, మూత ఆలస్యంగా తెరుచుకుంటుంది.

కొత్త గొట్టం కొనేటప్పుడు లోపలి వ్యాసం పాతదానితో సమానంగా ఉండాలి, పొడవు అంతకన్నా పెరగకూడదు. పలచటి సిలికాన్ గొట్టం ఒత్తిడికి ఉబ్బుతుంది, ఆ ఉబ్బులో కూడా కొంత ఆలస్యం దాగి ఉంటుంది. గోడ మందంగా ఉన్నది, లోపల అల్లిక ఉన్నది తీసుకోండి. పుత్లీబౌలి స్పేర్ పార్ట్స్ దుకాణాల్లోనో, న్యూమాటిక్ సామాను దొరికే రాణిగంజ్‌లోనో పాత ముక్క చేతిలో పట్టుకుని అడగండి. ప్రతి చివరా క్లిప్ ఉండాలి.

కంపెనీ కొన్ని గొట్టాల లోపల సన్న రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి ముక్క పెడుతుంది. గొట్టం మార్చేటప్పుడు అది పాత గొట్టంతో చెత్తబుట్టలోకి పోయినా, తప్పు కొమ్మలో పెట్టినా యాక్చుయేటర్ నిండే వేగమే మారిపోతుంది. విప్పేముందు ఫోటో తీసుకోండి. సోలినాయిడ్‌కు ఉండే మూడు మూతులు, ఒత్తిడి వచ్చేది, యాక్చుయేటర్‌కు వెళ్లేది, బయటకు వదిలేది, తారుమారైతే బూస్ట్‌కు అడ్డే ఉండదు.

పెద్ద పైపుల సంగతి కూడా చూడాలి. టర్బో ఒత్తిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు లీకైతే బూస్ట్ తగ్గాలి కదా, స్పైక్ ఎందుకొస్తుందని అడగొచ్చు. తగ్గిన బూస్ట్‌ను పూడ్చడానికి ఈసీయూ డ్యూటీని పెంచుకుంటూ పోతుంది. ఆ పెంచిన డ్యూటీతో తర్వాతిసారి లీకు కాస్త మూసుకుందంటే బూస్ట్ ఎగిరిపడుతుంది. థ్రాటిల్ మూయగానే బూస్ట్‌ను పక్కకు మళ్లించే డైవర్టర్ వాల్వ్ డయాఫ్రమ్ చిరిగినా ఇదే కథ. లీకు చూడ్డానికి స్మోక్ టెస్ట్ తేలిక. అది లేకపోతే టర్బో మూతి దగ్గర అడాప్టర్ పెట్టి, క్రాంక్‌కేస్ వైపు బ్రీదర్ పైపు మూసి, రెగ్యులేటర్‌తో 0.5 బార్ మించకుండా గాలి పెట్టి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాయండి. పంక్చర్ షాపు కంప్రెసర్‌ను రెగ్యులేటర్ లేకుండా తగిలిస్తే ఆయిల్ సీళ్లు పోతాయి.

నాలుగో అంచె: యాక్చుయేటర్, మూత

గేజీ ఉన్న చేతిపంపు ఒకటి కావాలి. యాక్చుయేటర్ మూతికి తగిలించి నెమ్మదిగా ఒత్తిడి పెంచండి. రాడ్ ఎక్కడ కదలడం మొదలుపెట్టింది, ఎక్కడ పూర్తిగా చాచుకుంది, రెండూ రాసుకోండి. ఒత్తిడి అలాగే ఉంచి అర నిమిషం ఆగండి. ముల్లు కిందికి దిగితే డయాఫ్రమ్ పోయినట్టే, మార్చడం తప్ప వేరే దారి లేదు.

ఇప్పుడు మెల్లగా ఒత్తిడి వదలండి. తెరుచుకునేటప్పుడు 0.4 దగ్గర కదిలిన రాడ్, మూసుకునేటప్పుడు ఒత్తిడి 0.2కు దిగేదాకా వెనక్కి రాకపోతే లింకేజీలోనో బుష్‌లోనో పట్టు ఉంది. రాడ్‌ను మూత చేయి నుంచి విడదీసి ఆ చేతిని వేళ్లతో కదపండి. బరువు లేకుండా, గరగర లేకుండా తిరగాలి. తుప్పు విడిపించే స్ప్రే కొడితే తాత్కాలికంగా వదులవుతుంది, ఎగ్జాస్ట్ వేడికి నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. బుష్ అరిగితే టర్బో షాపులో సరిచేయించడమే మార్గం.

రాడ్ పొడవు దగ్గర ఎక్కువమంది చేతులు కాల్చుకుంటారు. రాడ్‌ను బిగించి పొట్టి చేస్తే స్ప్రింగ్ మీద ముందస్తు బిగువు పెరుగుతుంది, టర్బో త్వరగా లేస్తుంది, పికప్ పెరిగినట్టు అనిపిస్తుంది. దాంతో మూత తెరుచుకోవడమే ఆలస్యమై, పూర్తిగా తెరుచుకునే అవకాశమూ తగ్గుతుంది. స్పైక్‌కు ఇది రాచబాట. మూత మూసి ఉన్నప్పుడు రాడ్ చివరి రంధ్రం మూత చేయి పిన్నుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల ముందే ఆగి, కాస్త లాగితే ఎక్కాలి. మీ టర్బోకు సర్వీస్ మాన్యువల్‌లో ఒత్తిడి, కదలిక అంకెలు ఉంటే వాటినే పాటించండి. ముట్టుకునే ముందు నట్టు మీద పెయింట్ గుర్తు పెట్టండి, ఒక్కసారికి అర చుట్టు మించి తిప్పొద్దు.

ఐదో అంచె: సోలినాయిడ్

రెండో అంచెలో మెకానికల్ బాగుందని తేలితే నేరుగా ఇక్కడికి రండి. కాయిల్ రెసిస్టెన్స్ మల్టీమీటర్‌తో కొలవండి, ఈ రకం సోలినాయిడ్లలో ఎక్కువవాటికి 20 నుంచి 35 ఓమ్‌ల మధ్య ఉంటుంది. స్కానర్‌తో యాక్చుయేటర్ టెస్ట్ పెడితే టకటక చప్పుడు వినిపించాలి. చప్పుడు వచ్చినంత మాత్రాన బాగున్నట్టు కాదు. లోపల ఆయిల్ ఆవిరి, దుమ్ము పేరుకుంటే వాల్వ్ కదులుతుంది కానీ పూర్తిగా మూసుకోదు. గాలి బయటకు వదిలే మూతికి ఫిల్టర్ ఉంటే శుభ్రం చేయండి. పాతబడిన సోలినాయిడ్‌ను బాగుచేయడానికి టైం పెట్టకుండా ఒరిజినల్‌ది కొత్తది వేసేయమంటాను. దాని ధర కన్నా అనుమానంతో తిరిగే ఖర్చే ఎక్కువ.

స్ప్రింగ్, గోళీ ఉండే మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ గురించి ఒక మాట. సెట్ చేసిన ఒత్తిడి వచ్చేదాకా అది యాక్చుయేటర్‌కు ఏమీ పంపదు, ఆ తర్వాత ఒక్కసారిగా వదులుతుంది. టర్బో త్వరగా లేస్తుంది, స్పైక్ కూడా దాంతోపాటే వస్తుంది. పాత కారుకు పెట్టే పనైతే యాక్చుయేటర్‌కు జానెడు దూరంలో బిగించి, దాని చిన్న బ్లీడ్ రంధ్రం మూసుకుపోకుండా చూసుకోండి. టార్క్ లెక్కవేసుకుని నడిచే ఈనాటి ఈసీయూ ఉన్న కారులో దాన్ని పెట్టొద్దు.

ఆరో అంచె: బండిలో ఏం మారింది?

స్పైక్ కొత్తగా వచ్చిందంటే అంతకుముందు ఏ భాగం మార్చారో గుర్తు తెచ్చుకోండి. పెద్ద ఇంటర్‌కూలర్ వేస్తే కంప్రెసర్‌కూ మేనిఫోల్డ్‌కూ మధ్య నిండాల్సిన చోటు పెరుగుతుంది. మేనిఫోల్డ్ సెన్సర్‌కు ఒత్తిడి తెలిసేసరికి కంప్రెసర్ దగ్గర అది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. యాక్చుయేటర్‌కు వెళ్లే ఒత్తిడిని థ్రాటిల్ తర్వాత మేనిఫోల్డ్ నుంచి కాకుండా కంప్రెసర్ హౌసింగ్ మీది మూతి నుంచే తీసుకోవాలి.

డౌన్‌పైప్ (టర్బో నుంచి ఎగ్జాస్ట్‌ను కిందికి తీసుకెళ్లే పైపు) మారిస్తే టర్బైన్ వెనక అడ్డు తగ్గుతుంది, టర్బో ముందుగా లేస్తుంది, పాత డ్యూటీ అంకెలు ఒక్కసారిగా ఎక్కువైపోతాయి. పైగా కంపెనీ వేస్ట్‌గేట్ రంధ్రం అంత ప్రవాహానికి చాలక క్రీప్ కూడా మొదలవుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన పైపు అసలే వద్దు. నగరం గాలికి అది చేసే చెరుపు ఒకటి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్‌ను అలా మార్చడమే నిషిద్ధం. క్లెయిమ్ వచ్చినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేదీ అలాంటి మార్పులే.

బ్లో-ఆఫ్ వాల్వ్ వేస్తే స్పైక్ పోతుందని కొందరు అమ్మజూపుతారు. థ్రాటిల్ మూసినప్పుడు మాత్రమే అది పని చేస్తుంది, స్పైక్ వచ్చేది థ్రాటిల్ తెరిచినప్పుడు. ఆ డబ్బు గొట్టాల మీద పెట్టండి.

ఏడో అంచె: మ్యాప్

మెకానికల్‌గా అంతా సరేనని తేలాకే ట్యూనర్ దగ్గరికి వెళ్లండి. మీ లాగ్‌లు వెంట తీసుకెళ్లండి. వాటిని చూడకుండానే "స్టేజ్ 1 ఫైలు వేసేద్దాం" అనే చోట కారు వదలొద్దు. ఒరిజినల్ ఫైలు కాపీ మీ చేతికి ఇమ్మని అడగండి. వారంటీ ఉన్న కారైతే ఇక్కడిదాకా రాకుండా సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి.

ట్యూనర్ చేయాల్సిన పని వరుస ఇది. ముందు పీఐడీ కరెక్షన్‌ను (అడిగిన బూస్ట్‌కూ వచ్చిన బూస్ట్‌కూ తేడా చూసి ఈసీయూ డ్యూటీలో చేసే సవరణను) సున్నా చేసి, బేస్ డ్యూటీ ఒక్కదాంతో బండి ఎలా నడుస్తుందో చూడాలి. ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత డ్యూటీకి ఎంత బూస్ట్ వస్తోందో తక్కువ నుంచి మొదలుపెట్టి, మూడు నుంచి ఐదు శాతం చొప్పున పెంచుతూ పట్టిక నింపాలి. బేస్ డ్యూటీ తప్పుగా పెట్టి ఆ తప్పును పీఐడీ సర్దుకుంటుందిలే అనుకోవడం వల్ల వచ్చే స్పైకులు చాలా ఉన్నాయి.

తర్వాత స్పూల్ దశ, అంటే టర్బో వేగం అందుకునే దశ. టర్బో త్వరగా లేవడానికి టార్గెట్ దగ్గరపడే వరకు డ్యూటీని నూరు శాతం ఉంచుతారు. 1 బార్ టార్గెట్‌కు 0.85 దాకా మూత మూసే ఉంచితే ఆ మిగిలిన 0.15 లోపల టర్బోను ఆపడం ఎవరి తరమూ కాదు. పగ్గాలు అప్పగించే ఆ గీతను 0.65కు దించి లాగ్ తీయండి. స్పైక్ చాలావరకు ఇక్కడే కరిగిపోతుంది. పికప్‌లో పోయేది సెకనులో చిన్న తునక, స్టీరింగ్ వెనక కూర్చున్నవాళ్లకు తెలియనంత. దీంతోపాటు 2000 నుంచి 3000 మధ్య టార్గెట్ నిలువుగా లేవకుండా వాలుగా ఎక్కేలా గీయాలి.

ఆ తర్వాతే పీఐడీ. పీ విలువ కొద్దిగా పెంచుతూ పోయి, గీత ఊగడం మొదలవగానే వెనక్కి తగ్గాలి. డీ విలువ బూస్ట్ ఎంత జోరుగా ఎక్కుతోందో చూసి ముందే బ్రేకు వేస్తుంది, స్పైక్ మీద బాగా పనిచేసేది ఇదే. సెన్సర్ సిగ్నల్‌లో గరుకు ఉంటే మాత్రం డీ దాన్నీ పెద్దది చేస్తుంది కాబట్టి మితంగా వాడాలి. ఐ విలువ దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. టర్బో లేస్తున్నంతసేపూ బూస్ట్ టార్గెట్ కన్నా కిందే ఉంటుంది, ఐ ఆ లోటును కూడబెట్టుకుంటూ డ్యూటీని పెంచుతుంది. టార్గెట్ చేరాక కూడా ఆ కూడబెట్టినదంతా ఖర్చయ్యేదాకా బూస్ట్ పైనే ఉంటుంది. అందుకే టార్గెట్‌కు 0.2 బార్ దగ్గరికి వచ్చాకే ఐ పనిచేసేలా హద్దు పెట్టాలి.

వాతావరణం లెక్క కూడా ఇందులోనే ఉండాలి. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల గాలి, మే మధ్యాహ్నం 40 డిగ్రీల గాలి కన్నా దాదాపు తొమ్మిది శాతం చిక్కగా ఉంటుంది. అదే డ్యూటీకి చలికాలంలో బూస్ట్ ఎక్కువ ఎగురుతుంది. వేసవిలో స్పైక్ చిన్నదైనా నాక్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి మండడం) ప్రమాదం ఎక్కువ. ఇన్‌టేక్ ఉష్ణోగ్రతను బట్టి డ్యూటీ, ఇగ్నిషన్ టైమింగ్ సరిచేసే పట్టికలు ఖాళీగా వదిలేయొద్దని ట్యూనర్‌కు చెప్పండి. 95 ఆక్టేన్ పెట్రోల్ మీద ట్యూన్ చేయించుకుంటే ఎప్పుడూ అదే పోయించుకోవాలి.

డీజిల్ కార్లు

వీజీటీ టర్బో ఉన్న డీజిల్‌లో వేస్ట్‌గేట్ ఉండదు. టర్బైన్ చుట్టూ ఉండే సన్నటి రెక్కలు కోణం మార్చుకుంటూ బూస్ట్‌ను అదుపు చేస్తాయి. నగరంలో గచ్చిబౌలి, హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో రోజూ పాకుతూ నడిచే డీజిల్‌లో మసి పేరుకుని ఆ రెక్కలు మూసుకున్న స్థితిలో ఇరుక్కుంటాయి. ఓఆర్‌ఆర్ ఎక్కి గట్టిగా నొక్కగానే ఒత్తిడి ఎగిసి, పీ0234 అనే ఓవర్‌బూస్ట్ కోడ్ పడి బండి లింప్ మోడ్‌లోకి వెళ్తుంది.

వాక్యూమ్ యాక్చుయేటర్ అయితే ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా రాడ్ కదలికను చూడండి. చేతి వాక్యూమ్ పంపుతో లాగి వదిలితే ఎక్కడా ఆగకుండా వెనక్కి రావాలి. ఇక్కడ గొట్టం చీలితే సాధారణంగా బూస్ట్ తగ్గుతుంది, సోలినాయిడ్ గాలి తీసుకునే మూతి మూసుకుపోతే వాక్యూమ్ విడుదల కాక బూస్ట్ పెరుగుతుంది. రెక్కలే ఇరుక్కుంటే టర్బో విప్పి శుభ్రం చేయించాలి. రెక్కల కనీస హద్దును నిర్ణయించే స్క్రూను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వొద్దు. దాన్ని ఫ్లో బెంచ్ మీద సెట్ చేస్తారు, కంటి అంచనాకు అందేది కాదు. మసి పట్టడానికి ఈజీఆర్ (ఎగ్జాస్ట్‌లో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) కూడా కారణమేమో అదే రోజు చూపించండి.

పని అయ్యాక పరీక్ష

మొదటి రోజు తీసిన లాగ్‌లనే, అదే రోడ్డు మీద, అదే గేరులో మళ్లీ తీయండి. వరుసగా మూడుసార్లు తీస్తే మంచిది, ఇంజిన్ గది వేడెక్కాక వచ్చే తేడా మూడోదానిలో కనిపిస్తుంది. రెండో గేరు నుంచి మూడుకు మారి వెంటనే అదిమే లాగ్ కూడా ఒకటి కావాలి, గేరు మారిన క్షణంలోనే స్పైక్ ఎక్కువసార్లు తిరిగొస్తుంది. వేసవిలో పని చేయించుకుంటే డిసెంబర్‌లో ఒక చలి ఉదయం ఇంకోసారి చూడాలి.

ఈసీయూలో బూస్ట్ కట్ హద్దును, అంటే బూస్ట్ దాటగానే పవర్ కోసేసే హద్దును, టార్గెట్‌కు 0.15 నుంచి 0.2 బార్ పైన ఉంచండి. బండి కట్ అవుతోందని విసుగొచ్చి ఆ హద్దును తీసేయమని ట్యూనర్‌ను అడగొద్దు, తీసేస్తానన్నా ఒప్పుకోవద్దు. గొట్టం ఊడిపోయిన రోజున ఇంజిన్‌కు మిగిలే అడ్డు అదొక్కటే.